పనికిరాని బీడు అట

మాది పెద్ద టెక్ కంపెనీ. వారానికి రెండు రోజులు ఇంటి నుంచే పని చేసుకోవచ్చు కాబట్టి ఈ రోజు పావగడ పక్కన మా ఊళ్లోనే ఉన్నాను. మధ్యాహ్నం ఆన్‌లైన్ మీటింగులో పెద్దసారు మన ఆఫీసులన్నీ సోలార్ కరెంటుతోనే నడుస్తున్నాయని గొప్పగా చెప్పి, మా ఊరి పక్కనున్న సోలార్ పార్కు ఫోటో వేశాడు. కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది.

నా వెనక నిలబడి లాప్‌టాప్‌లోకి చూస్తున్న మా నాయన అడిగాడు. "ఏంది రాసినారప్పా ఆడ?"

"ఒకప్పుడు పనికిరాని బీడు అని రాసినారు నాయనా."

"బీడేనప్పా అది. మన గొర్లు మేసిన బీడు. పనికిరాదని యాడ చూసి చెప్పినాడు? చెప్పు ఆయప్పకి."

నాకు ఒళ్లు మండిపోయింది. మాకు బీడంటే మేత. అది సోలార్ పార్కు కంచె లోపలికి పోయాకే మా మందను అమ్ముకున్నాం. 'సార్, ఆ మాట తప్పు' అని చాట్‌లో టైపు చేశాను. పోయినేడు నాయన గుండె ఆపరేషన్ ఈ కంపెనీ ఇన్సూరెన్సుతోనే జరిగిందని గుర్తొచ్చింది. చెరిపేశాను. అందరూ చప్పట్ల బొమ్మ నొక్కుతుంటే నేనూ నొక్కాను.

"చెప్పినావా?" అన్నాడు నాయన.

"చెప్పినా."

నమ్మాడు. ఆ పెద్దసారు మీద నాకున్న కోపమంతా అప్పుడు నా మీదికి తిరిగింది. మీ ఆఫీసుల్లో చప్పట్ల బొమ్మ కాకుండా ఇంకేదైనా నొక్కినవాళ్లుంటే కింద రాయండి. మా నాయనకు చదివి వినిపిస్తాను, నేనే రాశానని చెప్పి.