విష్ణుక్రాంత మాస్టారు

మా ముత్తాత నరసింహరాయుడుగారు తిరువూరు చుట్టుపక్కల పన్నెండు గ్రామాల శిస్తు వసూలు చేయించినవారు. మా తాత జగన్నాథరాయుడుగారు వీధిలోకి వస్తే బండ్లు పక్కకు తప్పుకొనేవి. ఆ ఇంట పుట్టిన నాతో "మీకు తెలీదు, ఊరుకోండి" అనగలిగిన ఏకైక వ్యక్తి, సైన్సు ఉపాధ్యాయులు దేవదానంగారు మొన్న ఉదయం కన్నుమూశారు. విస్సన్నపేట బస్సు కోసం నిలబడినచోటే కూలిపోయారట. ఎస్టీడీ బూతు నుంచి ఎవరో ఫోన్ చేసి చెబితే, "పొరబాటు. నిన్న సాయంత్రం మా అరుగు మీదే ఉన్నారు" అని కసిరి పెట్టేశాను. ఫోను మళ్లీ మోగింది.

మా పరిచయానికి కారణం విష్ణుక్రాంత. వినాయక చవితి పత్రిలో దాని పేరు అందరూ చదువుతారు. మొక్కను ఎరిగినవారు అరుదు. నేలను అంటిపెట్టుకొని పాకుతుంది. పువ్వు నీలం, చొక్కా గుండీ కన్నా చిన్నది. ఎ.కొండూరు దారిలో మాకు మిగిలిన అర ఎకరం గరపనేలలో తొలకరి తర్వాత పూసేది. అది తెలియక, పత్రి తెచ్చే మనిషి ఏ ఆకు ఇస్తే దానితోనే ఏటా పూజ కానిచ్చేవాళ్లం. ఒక చవితినాడు దారిన పోతూ మా అరుగు దగ్గర ఆగిన మాస్టారు మా పత్రి పళ్లెం చూసి నవ్వారు.

"ఇది విష్ణుక్రాంత కాదండీ. అసలుది మీ నేలలోనే ఉంది."

"చర్చికి వెళ్లే మీకు మా పత్రి సంగతెందుకు?"

"చర్చి ఆదివారమేనండీ. మిగతా ఆరు రోజులూ సైన్సు మాస్టారినే."

పౌరుషం కొద్దీ ఆ నేల చుట్టూ ముళ్లకంచె వేయించాను, ఒక్క మేక కూడా దూరకుండా. రెండేళ్లకు గడ్డి నడుము దాకా లేచింది. పువ్వు మాయమైంది.

"చంపేశారండీ! మేకలు గడ్డి కొరికితేనే కదా దానికి ఎండ తగిలేది!"

మాట పడటం మా ఇంట అలవాటు లేదు. అయినా మర్నాడే కంచె పీకించాను. మరుసటి వానలకు నీలం మళ్లీ కనిపించింది. మాస్టారు ఇస్త్రీ చొక్కాతోనే బోర్లా పడుకుని చూశారు. అంతటి ఏకాగ్రత మా పూజల్లో నేనెన్నడూ ఎరగను. లేచి, "చుట్టూ పత్తి, మామిడి అయిపోయింది. దీనికి ఇంకెక్కడా చోటు లేదు. ఈ ముక్క మాత్రం ఇలాగే ఉంచండి" అన్నారు.

ఆ చివరి సాయంత్రం అరుగు మీద కూర్చుని, "పూసిందండీ. శనివారం పిల్లల్ని తీసుకొస్తా. పదిలోపే చూడాలి, మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. మీరూ రావాలి" అన్నారు. "అలాగే" అన్నాను.

ఆ నేలను ఆ కంటితో చూడగల మనిషి ఈ ప్రాంతంలో ఇంకొకరు లేరు. ఆయనకు నా నమస్సులు.

ఆ అర ఎకరాన్నీ ఆ చివరి సాయంత్రానికి వారం ముందే గోదాము కట్టేవారికి అమ్మి రిజిస్టరు చేయించాను.