జపాన్ లిప్‌స్టిక్ పాట, మా షమీమ్

మా చిన్నప్పుడు బందరులో మా మేడ మీది గదిలోకి ఓ జపాన్ ఆవిడ అద్దెకి దిగింది... పేరు కెయికో. పెడనలో కలంకారీ అద్దకం నేర్చుకోవడానికి వచ్చింది. పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, సాయంత్రం చేతుల నిండా ఎర్రరంగు మరకలతో తిరిగొచ్చేది. మేం కెయికో ఆంటీ అనేవాళ్లం.

స్నానం చేసి వచ్చి, మేడ మెట్ల మీద కూర్చుని చిన్న టేప్ రికార్డర్ పెట్టేది. ఎప్పుడూ ఒకటే పాట... ఓ ఆడగొంతు మెల్లగా మొదలై, ఉన్నట్టుండి పైకి లేచేది. అక్కడికొచ్చేసరికి నాకు ఊపిరాగినట్టుండేది.

నాతోపాటు కింది మెట్టు మీద షమీమ్. మా పక్కింటి పిల్ల, నా క్లాసే. వాళ్ల నాన్న మస్తాన్ బాబాయ్ అద్దకానికి టేకు అచ్చులు చెక్కేవాడు. ఆవిడకి మా గది చూపించిందీ ఆయనే.

ఓరోజు నాన్న ఇంగ్లీషులో అడిగారు, అదేం పాటని. ఆవిడ నవ్వి, సంచిలోంచి లిప్‌స్టిక్ తీసి చూపించింది! తర్వాత ఆవిడ చెప్పిందంతా నాన్న మాకు తెలుగులో చెప్పారు... వాళ్ల దేశంలో వసంతం రాగానే కొత్తరంగు లిప్‌స్టిక్ వస్తుందట. దాని టీవీ ప్రకటన కోసం కొత్త పాట కడతారట. లిప్‌స్టిక్ కొన్నవాళ్లూ, కొననివాళ్లూ కూడా ఆ ఋతువంతా అదే పాడుకుంటారట.

"లిప్‌స్టిక్కి పాటేంటండీ, చోద్యం కాకపోతే!" అంది అమ్మ. అందే గానీ, రెండ్రోజులకి పప్పు ఎనుపుతూ తనూ ఆ వరసే కూనిరాగం తీసింది...

ఆ పాట మాటలు నేనూ షమీమూ నోట్‌బుక్ చివరి పేజీలో తెలుగు అక్షరాల్లో రాసుకున్నాం. నాకు మాటలొచ్చాయి. షమీమ్‌కి పాటొచ్చింది. ఆ తేడా నాకు అప్పుడే తెలిసింది... మింగుడు పడలేదు.

వానలు మొదలయ్యే ముందు కెయికో ఆంటీ వెళ్లిపోయింది. వెళ్లే రోజు షమీమ్ చేత మూడుసార్లు పాడించుకుని, కళ్లు తుడుచుకుంటూ రిక్షా ఎక్కింది.

ఆ ఏడు బడి వార్షికోత్సవానికి తెలుగు మాస్టారు పాడేవాళ్లని ఎంపిక చేశారు. షమీమ్ ఆ పాటే పాడింది. మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు.

"హరు, హరు అని వస్తోందే... హరుడంటే శివుడు కదూ! ప్రార్థనా గీతమా అమ్మా?"

'హరు' అంటే వాళ్ల భాషలో వసంతమని కెయికో ఆంటీ మా ఇద్దరికీ చెప్పింది. షమీమ్ నా వైపు చూసింది. చెప్పకే అన్నట్టు చూసింది.

"అవునండీ" అంది మాస్టారితో.

తర్వాత నేనూ పాడాను. "నువ్వు తెర లాగుదువుగానిలే తల్లీ" అన్నారు మాస్టారు.

వార్షికోత్సవం రోజు మైకులో "జపాన్ దేశపు ప్రార్థనా గీతం" అని చెప్పారు. ముందు వరసలో కొందరు చేతులు కూడా జోడించారు. షమీమ్ పాడుతుంటే హాలంతా నిశ్శబ్దం... అయ్యాక చప్పట్లు ఆగలేదు. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయన ముచ్చటపడి, మైకు పట్టుకుని, "అర్థం ఏంటమ్మా?" అని అడిగారు.

షమీమ్ తల దించుకుంది.

తెర తాడు పట్టుకుని పక్కనే నిలబడ్డ నేను గట్టిగా అన్నాను. "ప్రార్థన కాదండీ... లిప్‌స్టిక్ ప్రకటన పాట!"

మైకులో ఆ మాట అందరికీ వినిపించింది. హాలు గొల్లుమంది. తర్వాత బళ్లో దాని పేరే మారిపోయింది, 'లిప్‌స్టిక్ షమీమ్' అని.

"పాటదేం తప్పు తల్లీ, బ్రహ్మాండంగా పాడావు. మళ్లీ పాడు" అని మస్తాన్ బాబాయ్ బతిమాలడం గోడ ఇవతలికి వినిపించేది. అది పాడలేదు. నాతో మాట్లాడలేదు. రేపు సారీ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఏడాది గడిపేశాను. బాబాయ్‌కి గుడివాడలో ఫర్నిచర్ షాపులో పని దొరికి, సామాను లారీకెక్కిస్తుంటే కిటికీలోంచి చూశానే గానీ గుమ్మం దాటలేదు...

పోయిన నెల మా అమ్మాయి ఫోన్‌లో ఏదో చూపిస్తూ, "రాగం తీస్తే చాలమ్మా, పాట వెతికి పెడుతుంది" అంది. తీశాను. వచ్చేసింది... అదే గొంతు! కింద ఎంతమంది జపాన్ వాళ్లో రాసుకున్నారు. మా అమ్మాయి వాటిని తెలుగులోకి మార్చి చదివింది. "ఆ వసంతంలో నాకు పదిహేడేళ్లు" అని ఒకరు. "అమ్మ లిప్‌స్టిక్ దొంగతనంగా రాసుకుని బడికెళ్లి తిట్లు తిన్నాను" అని ఇంకొకరు.

ఇక ఉండబట్టలేదు. గుడివాడ వెళ్లి, ఫర్నిచర్ షాపుల్లో మస్తాన్ బాబాయ్ పేరు చెప్పి అడుగుతూ వెళ్లాను. బాబాయ్ పోయి చాలా కాలమైందట. షమీమ్ చిన్న టైలరింగ్ షాపు పెట్టుకుంది. కళ్లజోడు పైనుంచి చూసి, "రాజీ కదూ!" అంది.

"ఆరోజు కావాలనే అన్నానే... కుళ్లుతో" అన్నాను, కూర్చోకుండానే.

"తెలుసు. స్టేజీ మీంచి నిన్నే చూస్తున్నా గదా."

మిషను చక్రం ఆపి, నాకు స్టూలు జరిపింది. "నీ మీద కోపంతో మానలేదే. పాడదామని నోరు తెరిస్తే చాలు, వాళ్ల నవ్వు వినపడేది. ఇప్పుడా పాట కూడా గుర్తులేదు. ఆ నవ్వొక్కటే ఉంది."

ఫోన్ తీసి పాట పెట్టాను. తలొంచుకుని చివరిదాకా వింది.

"ఇంత బాగుండేదా!" అంది.

గొంతు కలపలేదు. టీ తెప్పించింది, పిల్లల సంగతులు అడిగింది. బస్సుకి టైమైందని లేచాక మాత్రం నెమ్మదిగా అంది, "అది నా ఫోన్‌కి పంపించవే."

బస్టాండుకి చేరేలోపే పంపించాను...

ఇప్పుడు ప్రకటన రాగానే దాటేద్దామని వేలు సిద్ధంగా పెట్టుకుంటున్నాం. అప్పుడు ఏ దేశపు ప్రకటనో, మాటల అర్థం కూడా తెలియని పాట ఇద్దరు పిల్లల్ని మెట్ల మీద అన్నేసి సాయంత్రాలు కూర్చోబెట్టింది. మీకూ అలాంటి ప్రకటన పాట ఉందా? ఎవరి పక్కన కూర్చుని విన్నారో, అది కూడా రాయండి...