మౌలా సాహెబ్ సోషియాలజీ

మనిషి కనబడితే ప్రశ్న వేయకుండా ఉండలేరు మౌలా సాహెబ్. అడగడం, ‘చదువు కోసం నాయనా’ అనడం. గల్ఫ్‌లో, సజ్జా కూలీల క్యాంపులో నా పక్క మంచం ఆయనది. కడప మనిషి, షట్టరింగ్ వడ్రంగి. నడివయసులో మన సర్కారు విశ్వవిద్యాలయానికి దూరవిద్య ఫీజు కట్టి, సోషియాలజీ ఎమ్మేలో చేరారు. సెలవుకు ఊరెళ్లినప్పుడల్లా పరీక్ష రాసి, తిరిగొచ్చి, ‘పోయింది’ అనేవారు. ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఎవరైనా ‘ఎలా ఉన్నారు’ అని అడిగి, జవాబు వినకుండా వెళ్లిపోతే నాకాయనే గుర్తొస్తారు.

స్నానాల గది తలుపు కూడా వదిలేవారు కాదు.

“అబ్బీ, మీ ఇంట్లో పెత్తనం ఎవరిది?”

“కళ్లల్లో సబ్బు పడింది సాహెబ్!”

“పడనీ. అమ్మదా, నాయనదా?”

ఒకరోజు సైటులో ఫోర్‌మన్ “యల్లా, యల్లా” అని తరుముతూ వచ్చాడు. “ముదీర్ సాబ్, ఆప్ కే ఘర్ మే కిస్‌కీ చల్తీ హై?” అని మేనేజరు హోదా ఇచ్చి మరీ అదే పెత్తనం ప్రశ్న వేశారీయన. అంతే, ఫోర్‌మన్ బకెట్ బోర్లించుకుని కూర్చుని అత్తగారి సంగతులు ఎత్తుకున్నాడు. కాంక్రీటు లారీ హారన్ కొట్టీ కొట్టీ బొంగురుపోయింది.

2006లో, మా గదిలోని నరసాపురం జాన్‌బాబుకు వాళ్లమ్మ పోయిందని ఫోనొచ్చింది. సెలవు దొరకలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. పలకడు, తినడు. బతిమాలాం, తిట్టాం. మెతుకు ముట్టలేదు. మనిషి దక్కుతాడా అని భయమేసింది. శుక్రవారం పొద్దున మౌలా సాహెబ్ పెన్ను పట్టుకుని అతని మంచమెక్కారు.

“జాన్‌బాబూ, మీ అమ్మ చేపల పులుసు ఎట్లా చేస్తాండె?”

నేను చెయ్యి పట్టి లాగాను. “ఇప్పుడా సాహెబ్? సిగ్గుండాలి!”

“ఈసారి ప్రాజెక్టు వంటింటి మీదనే భాయ్. పంపకుంటే మళ్లా ఫెయిలు!”

గోడవైపు నుంచి సన్నగా వినిపించింది. “పులుసు మరిగాక... ముక్కలు.”

“తప్పు. ముక్కలేసినాకే పులుసు పోయాల.”

జాన్‌బాబు దిగ్గున లేచి కూర్చున్నాడు. “తప్పేటండీ! చేప చిదికిపోదా? మా అమ్మ పులుసు వాసనొస్తే పాస్టరుగారు ప్రార్థన కుదించేసేవారు!”

“మాటలెందుకు? చేసి చూపీ.”

మధ్యాహ్నానికి క్యాంపంతా పులుసు ఘుమఘుమ. జాన్‌బాబు ఏడుస్తూనే గరిటె తిప్పాడు, తిప్పుతూనే అమ్మ కబుర్లు చెప్పాడు, చెబుతూనే రెండు కంచాలు ఖాళీ చేశాడు.

మౌలా సాహెబ్‌ను బయటికి పిలిచాను. “ప్రాజెక్టుకు సరిపోయిందా?”

“ఏం ప్రాజెక్టు? ఎమ్మే పోయిన సెలవులోనే పాసైతి.”

“మరి ఫెయిలని చెప్పారే!”

“మెల్లగా భాయ్! పాసైనోనికి ఎవడు జవాబు చెప్తాడు? ఫెయిలైనోనికైతే అందరూ సాయం చేస్తారు.”

అంతలో వంటగదిలోంచి జాన్‌బాబు కేక. “సాహెబుగారూ, తాలింపు సంగతి రాసుకోలేదు! ఇలాగైతే ఎప్పటికి పాసవుతారండీ?”

“వస్తాండా నాయనా, రాసుకుంటా!” అంటూ ఆయన పెన్ను మూతైనా తీయకుండా పరుగెత్తారు.