నల్లమందు మానిన అన్న

మొన్న నంద్యాలలో బస్సు కోసం నిలబడి ఉండగా, ఎదురుగా మత్తు అలవాటు మాన్పించే ఆసుపత్రి బోర్డు చదివి మా కోడలు, నిజంగా మానతారా అత్తా అని అడిగింది. మన కాలపు వాళ్లకు తెలియనిదేముంది, డెబ్బైలలో ఇలాంటి బోర్డులు ఎక్కడున్నాయి, మా ఇంటికి మా నాయనే ఆసుపత్రి.

ఆళ్లగడ్డలో మాది విగ్రహాలు చెక్కే ఇల్లు. రోజంతా గొంతుక్కూర్చుని ఉలి పట్టే అన్నకు, నడుం నొప్పికని నంద్యాలలో ఎవరో నల్లమందు అలవాటు చేశారు. నొప్పి పోయింది, మనిషీ పోయాడు. ఒకనాటి పొద్దున అమ్మ ఆ నల్లమందు ఉండను పొయ్యిలో వేసిందని తెలిసి, అన్న ఆమెను జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చి సుత్తి ఎత్తితే, అడ్డం వచ్చిన నాయన కుడిచేతి మీద పడింది దెబ్బ. వేళ్లు నలిగి రక్తం చిమ్మినా ఆగక, గుడికి పోవలసిన అమ్మవారి విగ్రహం ముక్కు కూడా పగలగొట్టాడు, పాపిష్టివాడు.

భిన్నమైన, అంటే పగిలిన విగ్రహానికి అతుకు పెట్టడం మా ఇంటా వంటా లేదు; నీళ్లలో వదిలేసి కొత్త రాయి తెచ్చుకోవలసిందే. అన్ననూ అలాగే వదులుకోమని, పోలీసులకు పట్టించమని చుట్టాలందరూ చెప్పారు. నాయన గుడ్డ చుట్టిన చెయ్యి చూసుకుని ఒకటే మాటన్నాడు.

“రాయి పగిల్తే ఇడిసిపెడ్తాం. వాడు రాయి కాదప్పా.”

బండలు లాగే గొలుసుతో అన్నను పాకలో రాతిస్తంభానికి కట్టించాడు. వాంతులు, విరేచనాలు, చంపుతానని కేకలు. గంజి పట్టబోతే నాయన భుజం కండ ఊడేలా కొరికాడు. నాయనా ఊరుకోలేదు, ఎడమచేత్తో చెంప పగిలేలా కొట్టి, మళ్లీ గంజి పట్టాడు. నేను చెవులు మూసుకుని ఏడ్చాను.

అన్న మానాడు. మళ్లీ ముట్టలేదు. ఇక ఉలి పట్టలేని నాయన పక్కన కూర్చుని నోటితో చెబుతుంటే, కొత్త రాతిలో అమ్మవారిని మళ్లీ చెక్కాడు. ఆఖరున విగ్రహానికి కళ్లు చెక్కి తెరిచే పని ఇంటి పెద్ద చేయవలసింది, దాన్ని కూడా నాయన వాడి చేతే చేయించాడు. ఊరంతా మెచ్చుకుంది. అమ్మ మాత్రం, వాడు సుత్తి పట్టుకుని పక్కగా పోతే చాలు, రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకునేది. ఎనభైలు వచ్చినా అంతే. ఒకరోజు అన్న సుత్తి కింద పడేసి అమ్మ ముందు కూలబడ్డాడు.

“ఇంగా భయపడ్తాండావా మ్మా?”

“నువ్వంటే భయం ల్యా నాయనా. ఈ ఒళ్లే చెప్పిన మాట ఇంటాల్యా.”

ఇప్పుడు ఆ ముగ్గురూ లేరు. ఆళ్లగడ్డలో రాయిని మిషన్లు కోస్తున్నాయి, ఈ జబ్బుకూ ఆసుపత్రులు వచ్చాయి, గొలుసులు పోయాయి, మంచిదే. మానతారమ్మా, నేను కళ్లారా చూశాను అని కోడలికి చెప్పాను. మరి ఇంట్లో వాళ్లకూ నయమవుతుందా అత్తా, అని అడిగిందా పిల్ల. ఇంతలో బస్సు వచ్చింది, ఎక్కి కూర్చున్నాం. ఆళ్లగడ్డ వచ్చేదాకా, అమ్మ తలకు అడ్డం పెట్టుకునే ఆ రెండు చేతుల సంగతి ఆ పిల్లకు చెబుతూనే ఉన్నాను.