అమ్మ కిటికీ పెట్టించిన గది

మా చిన్నప్పుడు... అంగడికి సెలవు రోజున నాయన పడసాలలో చతికిలబడి చింతగింజలతో ఇల్లు కట్టేవాడు.

మాది చింతామణిలో చింతపండు వ్యాపారం. ఇంట్లో గింజలకు కొదవ లేదు. కైవార దారిలో సైటు కొన్నప్పటి నుంచి ఇంటిల్లిపాదికీ అదే పిచ్చి. గింజల వరుస పేరిస్తే గోడ... సందు వదిలితే వాకిలి. ఈశాన్యంలో దేవుడిల్లు, ఆగ్నేయంలో వంటిల్లు అంటూ నాయన పేర్చడం, నేను కాలి బొటనవేలితో గోడ జరిపి తిట్లు తినడం...

ఒకరోజు అన్నీ అయ్యాక నాయన ఇంటికి దూరంగా, కట్టెల కొట్టం పక్కన ఒక చిన్న చదరం పేర్చాడు. దానికి పిడికెడు గింజలు కూడా పట్టలేదు.

"అది ఎవరికి నాయనా?" అని అడిగాను. ఆయన వినపడనట్టు గింజలు సర్దుకున్నాడు. నాయన తల్లి, మా అవ్వ, చెప్పింది.

"ఆడోళ్ళు బయట కూర్చునేదానికి పాపా."

అక్క లేచి లోపలికి వెళ్లిపోయింది.

అక్క సంగతి చెప్పాలి... అంతకు ముందు ఏడాది, సరిగ్గా ఏడో క్లాసు పబ్లిక్ పరీక్షల ముందు అక్క పెద్దమనిషైంది. అప్పటి మా బాడుగ ఇంట్లో, పెరటి చావడిలో తడిక చాటున కూర్చోబెట్టారు. అవతల పరీక్షలన్నీ అయిపోయాయి... అక్క తడిక చాటునే ఉంది. మళ్లీ అదే క్లాసులో చిన్నపిల్లల పక్కన కూర్చోవడానికి సిగ్గుపడి బడి మానేసింది. లెక్కల్లో అందరికంటే ముందుండే పిల్ల! ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది. అప్పుడు అత్తగారికి ఎదురు చెప్పలేక ఊరుకుంది అమ్మ. కానీ మరిచిపోలేదు. చిన్నదాని చదువు మాత్రం ఆగనివ్వనని మనసులో ముడి వేసుకుంది.

ఆ చింతగింజల రోజున అమ్మ చాటలో రాగులు చెరుగుతోంది. ఆ గది వద్దని అనలేదు. అంటే ఇంట్లో యుద్ధమే. చాట పక్కన పెట్టి వచ్చింది. గోతాంలోంచి దోసెడు గింజలు తీసి, ఆ చదరాన్ని ఇంటి గోడకు ఆనించి, బాగా పెద్దది చేసింది.

"కట్టేది ఎట్లాగూ కడతాండారు. గాలీ వెలుతురూ వచ్చేట్ల కట్టండి. దక్షిణం పక్క పెద్ద కిటికీ ఉండాల."

"ముట్టుగదికి కిటికీ యాలమ్మా? ఇంటికి ఆనించేది ఏందమ్మా?" అంది అవ్వ.

"వానాకాలం నాకు అన్నం తెచ్చేది నువ్వే కదత్తా. పెరట్లో జారి పడితే నడుం ఇరగదా?"

అవ్వ ఆలోచనలో పడింది. నాయనకైతే ఆ గది మాట ఎత్తితే చాలు, చెవులు ఎర్రబడేవి. "సిమెంటు దొరికేదే కష్టంగా ఉండాది..." అని గొణిగి, సరే అనేశాడు. ఆ మాట తొందరగా ముగిస్తే చాలు ఆయనకు. అమ్మకు ఆ సంగతి బాగా తెలుసు.

పునాదికి సున్నం ముగ్గు పోసే రోజున మేస్త్రి అలవాటు కొద్దీ ఆ గదిని దూరంగా, చిన్నగా పోశాడు. అమ్మ కొంగు బిగించి ముందుకొచ్చి, "అది చెరిపెయ్యప్పా మేస్త్రీ" అంది. మేస్త్రి నాయన మొహం చూశాడు. నాయన ఆకాశం చూశాడు. ముగ్గు చెరిగింది.

కొత్తింట్లో పాలు పొంగించాం. ఎండలు ముదిరాయి... పడసాలలో ఒకటే ఉక్క. ఆ గదిలో మాత్రం చల్లటి గాలి. "ఒక్క గడియ నడుం వాలుస్తా" అని అవ్వ వెళ్లింది. మర్నాడు ఆమె దిండు వెళ్లింది. ఆ తర్వాత నులకమంచమే వెళ్లింది.

అమ్మ బయట చేరిన రోజుల్లో మొదట్లో అవ్వ మంచం ఇవతలికి లాగించేది. లాగించి లాగించి విసుగొచ్చి, "ఆ మూలన సాప ఏసుకోమ్మా, ఏమవుతాది" అంది. మడి మడి అని మమ్మల్ని ఆమడ దూరం నిలబెట్టిన మనిషి! ఒకే గదిలో అత్తాకోడళ్లు కబుర్లు చెప్పుకుంటుంటే నేను నోరు తెరుచుకుని చూశాను.

నా వంతు హైస్కూల్లో వచ్చింది. అక్కలాగే... పరీక్షల ముందే.

"దీన్ని యాడ కూర్చోబెట్టాల అత్తా? ఆ గదిలో నీ మంచం ఉండాదే" అని అమ్మ నిదానంగా అడిగింది.

అవ్వ మంచం వైపు చూసింది. నన్ను చూసింది. తర్వాత అక్కను చూసింది... చాలాసేపు అక్కనే చూసింది.

"యాడా వద్దులే. తలకు పోసుకొని బడికి పోనీ" అంది.

మర్నాడు నాకు జడ వేసింది అక్కే. పుస్తకాల సంచి తనే మోసింది. హైస్కూలు గేటు దగ్గర సంచి నా భుజాన తగిలించి, "బాగా రాయి" అంది. కొంత దూరం పోయి తిరిగి చూస్తే, గేటు కడ్డీలు పట్టుకుని లోపలికి చూస్తూ ఇంకా నిలబడే ఉంది...

ఇదంతా ముందే అనుకున్నావా అని చాలా ఏళ్ల తర్వాత అమ్మను అడిగాను. "గాలొచ్చే గదిని ఎవరు వదులుకుంటారే?" అని నవ్వింది.

మొన్న అక్క కూతురు తన కొత్తింటి ప్లాను ఫోనులో చూపించింది. అప్పట్లో ఇంటికి ముట్టుగది కూడా ఉండేదని చెబితే, "ఊరికే చెప్తాండావు చిన్నమ్మా" అని కొట్టిపారేసింది. నమ్మలేనంత దూరం వచ్చేశామని సంతోషం వేసింది... దానికోసం అమ్మ పట్టిన పంతం కూడా ఎవరికీ తెలియకుండా పోతుందే అని దిగులూ వేసింది.

అక్క మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని, ఫోను దగ్గరికి తీసుకుని, ఒక్కటే అడిగింది... "పిల్ల చదువుకునే బల్ల యాడ ఏస్తావే?"

మీ ఇల్లు కట్టేటప్పుడు మీ అమ్మ పట్టుబట్టి పెట్టించుకున్నది ఏమిటి? గుర్తుంటే ఇక్కడ రాయండి... వాళ్ల పంతాలు మనమైనా చెప్పుకుందాం.