ఎవరి కోసం? – స్వయం

దెయ్యాలున్నాయంటే నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా నమ్మడం లేదు. మా పంచాయతీ ఆఫీసు వెనక పాడుబడిన పశువుల ఆసుపత్రి ఒకటుంది. పొద్దుగూకితే అటు ఎవరూ వెళ్ళరు. నేను మాత్రం నీడ బాగుంటుందని రోజూ నా స్కూటీ అక్కడే పెడతాను. నాకు భయమంటూ ఉంటే అది పైనుంచి వచ్చే ఆర్డర్లంటేనే.

ఊరి పేరు చెప్పను. రాజోలు వైపు ఒక పెద్ద పంచాయతీ. అందులో కంప్యూటర్ పనంతా నాది. ఉద్యోగం ఇంకా ఉంది, ఉండాలి కూడా.

మా పంచాయతీ కొన్ని వస్తువులు అద్దెకిస్తుంది. కల్యాణ మండపం, టెంట్లు, కుర్చీలు, నీళ్ళ ట్యాంకరు, ఒక ఫ్రీజర్ బాక్సు. ఈ చివరిది ఎందుకో మా వైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. ఇక్కడ ఎవరైనా పోతే, వాళ్ళు విమానం దిగి వచ్చేవరకూ శవాన్ని ఉంచాలి. మండపం ఖాళీగా ఉండే నెలలున్నాయి గానీ ఆ బాక్సు ఖాళీగా ఉండే వారాలు తక్కువ.

ఇదివరకు ఎవరికి ఏది కావాలన్నా ఆఫీసుకి వచ్చేవారు, లేదా ఫోన్ చేసేవారు. మేం రాసుకునేవాళ్ళం. ఇక ఎవరూ ఆఫీసు గడప తొక్కనక్కర్లేదు, ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే బుక్ చేసుకోవచ్చు అని ఒకరోజు ఆర్డరొచ్చింది. ఏదో కంపెనీ సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. రిబ్బన్ కట్ చేశారు, ఫొటోలు దిగారు, జీడిపప్పు పకోడీలు పంచారు.

ఆ కంపెనీ చేసిన ఘనకార్యం ఏమిటంటే, మండపానికి ఒక ఫారం తయారుచేసి అదే ఫారాన్ని అన్నిటికీ పెట్టేసింది. ఫ్రీజర్ బాక్సు బుక్ చేసినా “ఎవరి కోసం?” అని అడుగుతుంది. స్వయం, కుటుంబ సభ్యులు, ఇతరులు, ఈ మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి. బాక్సు తిరిగొచ్చాక “మీ శుభకార్యం వైభవంగా జరిగిందని ఆశిస్తున్నాం, మళ్ళీ సేవ చేసే అవకాశం ఇవ్వగలరు” అని మెసేజీ వెళ్తుంది. తల్లికి కర్మ చేసి గుండుతో ఒకాయన ఆ మెసేజీ పట్టుకుని నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది. ఇది మీరేనా పంపింది అని మెల్లగా అడిగి, నా జవాబు వినకుండానే వెళ్ళిపోయాడు.

కంపెనీ ఇంజినీరుకి ఫోన్ చేశాను. అందరికీ ఒకటే నమూనా మేడమ్, మార్పు కావాలంటే విడిగా రాసి పంపండి అన్నాడు. పంపాను. మళ్ళీ పంపాను. కనీసం ఆ ‘స్వయం’ అన్నదైనా తీయించండి, చూసినవాళ్ళు నవ్విపోతారు అని మా సెక్రటరీగారితో మొత్తుకున్నాను. ఆయన ఫైల్లోంచి తలెత్తలేదు.

“పోయినవాడొచ్చి బుక్ చేసుకుంటాడా ఏంటమ్మా? ఉండనీండి” అన్నారు.

అలా ఉండిపోయింది. జనం ఎప్పటిలాగే ఆఫీసుకి వస్తూనే ఉన్నారు. వాళ్ళు చెబుతుంటే నేనే కంప్యూటర్లో కొట్టేదాన్ని. పైకి మాత్రం అంతా ఆన్‌లైన్ అని రిపోర్టు వెళ్ళేది.

ఇప్పుడు మా అన్నయ్య సూరిబాబు సంగతి చెప్పాలి. మస్కట్‌లో ఏసీ మెకానిక్. సెలవు మీద వచ్చేటప్పుడు ఏ రోజు వస్తాడో ఎవరికీ చెప్పేవాడు కాదు. చెబితే మేం అంత దూరం ఎదురొస్తామని, అనవసరపు శ్రమ అని. కారు తనే మాట్లాడుకుని, ముందు వైపు తూము ఇరుకు, వెనక దారిలోంచి రావాలి అని డ్రైవరుకి ముందే చెప్పుకుని, పెరటి వైపు వచ్చి దిగేవాడు. చేతులకి శెనగపిండి ఉండగానో, తలకి నూనె రాసుకుని ఉండగానో పెరట్లో మొగుణ్ణి చూసి వదిన ప్రతిసారీ కోప్పడేది. ఆయనకి అదో సరదా. వాళ్ళకి పిల్లల్లేరు. ఏడాదంతా ఆ ఇంట్లో వదిన ఒక్కతే ఆ పెరటి వైపు చూస్తూ ఉండేది.

అన్నయ్య అక్కడే, తన గదిలో, నిద్రలో పోయాడు. గుండె అన్నారు. గదిలో ఉండేవాళ్ళు ఫోన్ చేసి చెప్పారు.

ఆ తర్వాత మొదలైంది అసలు చావు. ఇక్కడ ఒక సంతకం లేదంటారు, అది పెట్టిస్తే అక్కడ ఒక స్టాంపు లేదంటారు. అది పడేసరికి వాళ్ళకి సెలవులు. ఆయన్ని మస్కట్ పంపిన మలికిపురం ఏజెంటు ఫోన్ ఎత్తితే ఎత్తేవాడు, లేకపోతే లేదు. బాడీ ఎప్పుడొస్తుందండీ అని ఎవర్నడిగినా చెప్పలేమమ్మా అన్న ఒక్క మాటే. కరెంటు ఎప్పుడొస్తుందని అడిగినా ఇంతకంటే మర్యాదగా జవాబు చెబుతారు. బంధువులు మొదట్లో ఏడ్చారు, తర్వాత విసుక్కున్నారు, ఆఖరికి సలహాలు మొదలుపెట్టారు. అక్కడే కానిచ్చేయమని రాసిచ్చేస్తే పోతుంది కదా, ఎన్నాళ్ళిలా మైలతో, అని. ఏజెంటు కూడా అదే అన్నాడు. కాగితం తయారుగా ఉంది, వదిన సంతకం ఒక్కటే తక్కువ.

వదిన కోరింది పెద్దదేం కాదు. ఒక్క రాత్రి ఆయన ఇంట్లో ఉండాలి, మొహం చూసుకోవాలి. కానీ ఆమెకీ ఓపిక అయిపోయింది. మర్నాడు ఏజెంటు మనిషి వస్తే సంతకం పెట్టేస్తానని నాతో చెప్పింది. వద్దనడానికి నా దగ్గర ఏ కారణమూ లేదు.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో, కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ తెరిచాను. ఎవరో టెంట్లు అడిగితే తేదీలు చూస్తున్నాను. ఫ్రీజర్ బాక్సుకి పై వారంలో ఒక రోజు బుక్ అయినట్టు ఎర్రగా కనిపించింది. నేను కొట్టలేదు. ఎవరిదో అని నొక్కాను.

మా ఇంటి పేరుతో సహా అన్నయ్య పేరు. ఎవరి కోసం అన్నచోట ‘స్వయం’. అన్నయ్య ఇక్కడికి వచ్చినప్పుడు వాడే ఫోన్ నంబరు. కింద, డ్రైవరుకి సూచనలు అన్నచోట, ముందు వైపు తూము ఇరుకు, వెనక దారిలోంచి రావాలి అని ఉంది.

నాకు ముందు వచ్చింది భయం కాదు, కోపం. ఎవడో వెటకారం చేశాడనుకున్నాను. ఆఫీసులో అందర్నీ నిలబెట్టి అడిగాను, అనరాని మాటలు కూడా అన్నాను. ఎవరూ ఒప్పుకోలేదు. వాళ్ళ మొహాలు చూస్తే అబద్ధమనీ అనిపించలేదు. ఆ నంబరుకి చేశాను. రీచార్జి లేక అది ఎప్పుడో ఆగిపోయింది, సేవలో లేదని చెప్పింది. ఆ నంబరుకి ఓటీపీ వెళ్ళకుండా, దాన్ని తిరిగి కొట్టకుండా బుకింగ్ అవదు. ఇంజినీరుకి చేస్తే చూసి, ఓటీపీ వెళ్ళింది, సరిగ్గానే కొట్టారు మేడమ్ అన్నాడు. ఆ నంబరు పనిచెయ్యడం లేదు బాబూ అన్నాను. మా వైపు తప్పేమీ లేదు మేడమ్ అని పెట్టేశాడు.

ఇలాంటి అనుమానం బుకింగ్ ఉంచొద్దు, తీసెయ్యమన్నారు సెక్రటరీగారు. తీసెయ్యబోయాను. దరఖాస్తుదారు మాత్రమే రద్దు చేసుకోగలరు అంది సాఫ్ట్‌వేర్.

సాయంత్రం వదిన దగ్గరికి వెళ్ళాను. బుకింగ్ సంగతి చెప్పలేదు. చెబితే ఆమె ఏమైపోతుందో అనిపించింది. పై వారం ఫలానా రోజు దాకా సంతకం పెట్టకు వదినా అన్నాను, అంతే. ఆ రోజే ఎందుకని అడిగింది. ఆఫీసులో ఎవరో అన్నారులే అన్నాను. నేను చెప్పేది నాకే నమ్మకం లేదు. మర్నాడు వచ్చిన ఏజెంటు మనిషిని వదిన కాఫీ ఇచ్చి పంపించేసింది. పెద్దమనుషులకి నా మీద కోపం వచ్చింది. చదువుకున్నదానివి, నువ్వే ఆమెకి లేనిపోని ఆశలు పెడతావా అన్నారు. వాళ్ళన్నది నిజమే అనుకుంటూ ఆ రోజులు గడిపాను.

బుకింగ్ తేదీకి ముందు రోజు పొద్దున్న ఏజెంటే ఫోన్ చేశాడు. కాగితాలన్నీ అయిపోయాయట. రాత్రి విమానంలో హైదరాబాదు, అక్కణ్ణుంచి అంబులెన్సు, రేపు ఇంటికి. ఏం జరిగిందో, ఎవరు కదిపారో అతనికీ తెలియదు.

మర్నాడు అన్నయ్య కంటే ముందు బాక్సు వచ్చింది. అందరం వీధి వైపు నిలబడి ఉన్నాం. వ్యాను పెరటి వైపు ఆగింది. అటు నుంచి ఎందుకొచ్చావని మా బాబాయి అడిగితే డ్రైవరు ఫోన్ చూపించాడు.

“ఆయ్, ఇందులో రాసేరండి, వెనక దారిలో రమ్మని.”

వదిన ఆ ఫోన్ తీసుకుని చదివింది. నా వైపు చూసింది. ఇక దాచలేక అంతా చెప్పేశాను. ఆమె కెవ్వుమంటుందనో, పడిపోతుందనో నేను చేతులు చాపి సిద్ధంగా ఉన్నాను. ఆమె పెరటి తలుపు బార్లా తెరిచి, అడ్డంగా ఉన్న బిందె పక్కకి జరిపింది.

“మీ అన్నయ్య ఎప్పుడూ అంతే కదా. వచ్చే రోజు మనకి చెప్పరు. బండి మాత్రం ఆయనే మాట్లాడుకుంటారు” అంది. అప్పుడు ఏడ్చింది.

ఆ రాత్రి అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడు. వదిన ఆ బాక్సు అద్దం పక్కనే కూర్చుంది. అంబులెన్సు దిగిన క్షణం నుంచి ఏ ఆఫీసు సాయమూ అక్కర్లేకుండా మిగతాదంతా జరిగిపోయింది.

బాక్సు తిరిగి వెళ్ళాక శుభకార్యం మెసేజీ ఎప్పటిలాగే వెళ్ళింది. చూడకూడదనుకుంటూనే చూశాను. పనిచెయ్యని ఆ నంబరుకి అది చేరినట్టు చూపించింది.

తర్వాత పైవాళ్ళు మీటింగు పెట్టారు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పగా నడుస్తోందో తెర మీద చూపించారు. దరఖాస్తుదారు ఆఫీసు గడప తొక్కకుండా, సిబ్బంది చెయ్యి పడకుండా, మొదటినుంచి చివరిదాకా తనే పూర్తి చేసుకున్న మొట్టమొదటి బుకింగ్ మా పంచాయతీదేనని చెప్పారు. పేరు చదవలేదు, వస్తువేదో కూడా చెప్పలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. మా సెక్రటరీగారు నా వైపు చూడకుండా కొట్టారు. నేనూ కొట్టాను.

కొత్త వెర్షన్‌లో ఆ ‘స్వయం’ తీసేశారు. ఇంజినీరు భయపడి తీశాడో, నా పాత లెటర్ ఇప్పటికి చదివాడో అడగలేదు. ఎవరో తెలిసినవాళ్ళే చేసి ఉంటారని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. వెనక దారి సంగతి ఊళ్ళో చాలామందికి తెలుసు. కానీ ఆ నంబరు ఎవరి చేతిలో మోగింది? ఆ తేదీ ఎవరికి తెలుసు? దెయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. కానీ మా అన్నయ్య వచ్చే రోజు బతికున్న ఏ ఆఫీసరూ చెప్పలేకపోయాడు. చెప్పిందెవరో నాకు ఈ రోజుకీ తెలియదు.