పన్నెండు రోజులు వెనకున్న సర్వర్

అక్క ఆపరేషన్ శుక్రవారం పొద్దున, నాగర్‌కర్నూల్‌లో. నేనేమో బుధవారం నుంచి గద్వాలలో ఒక పత్తి విత్తనాల కంపెనీ గదిలో మూడు కొత్త సర్వర్ల ముందు కూర్చుని ఉన్నాను. రైతుల పొలాల వివరాలు, మొలక పరీక్షల ఫలితాలు పరాయివాళ్ళ కంప్యూటర్లలో కాకుండా తమ గదిలోనే ఉండాలని యజమాని పట్టు. దాన్ని మేం ప్రైవేట్ క్లౌడ్ అంటాం. మూడింటిలో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, మూడూ కలిసి ఒకే పెద్ద మిషన్‌లా పనిచేసేట్టు చేయాలి. అలాంటివి అప్పటికే చాలా చేశాను. ఒకటిన్నర రోజు పని, గురువారం సాయంత్రానికల్లా అక్క మంచం పక్కన ఉంటాననుకున్నాను.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. జాకెట్లు కుట్టి చదివించింది. నా ఉద్యోగం గురించి ఆమెకు అర్థమైంది ఒక్కటే, నేను కూడా మిషన్ మీద బతికేవాణ్ణేనని. బుధవారం ఫోన్లోనూ అదే ఎగతాళి.

"నా మిషన్ మొరాయిస్తే రెండు సుక్కలు నూనె పోస్త, నడుస్తది. నీ మిషన్లకు ఏం పోస్తవ్ తమ్మీ?"

"నా రక్తం పోస్తున్న అక్కా."

"గట్లనకు. నన్ను లోపలికి తీస్కపోకముందు ఒక్కసారి కనపడు. నాకు జర భయమైతుంది."

ఆమె నోట భయం అన్నమాట అంతకుముందెప్పుడూ వినలేదు. పిత్తాశయంలో రాళ్ళు, చిన్న ఆపరేషన్, మూడో రోజు ఇంటికి పంపిస్తారని చెప్పాను. తప్పకుండా వస్తానని కూడా చెప్పాను.

ఇన్‌స్టలేషన్ ప్రతిసారీ చివరిదాకా వచ్చి, తెర మీద ఎర్ర గీత పడి ఆగిపోయేది. రెండో సర్వర్, మూడో సర్వర్ బాగానే మాట్లాడుకునేవి. మొదటిది మాత్రం ఆ రెండింటినీ దగ్గరికి రానిచ్చేది కాదు. కేబుళ్ళు మార్చాను. మూడింటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్ మార్చాను. మొత్తం చెరిపేసి లినక్స్ మళ్ళీ వేశాను, ఒకసారి కాదు, మూడుసార్లు. గురువారం సాయంత్రం వెళ్ళాల్సిన బస్సు వెళ్ళిపోయింది. ఆ కోపంలో స్టోర్ చూసే పెద్దాయన తెచ్చిన టీ కూడా తాగలేదు. గది తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. సర్వర్లు లారీ దిగిన రోజు కొబ్బరికాయ కొట్టి, మొదటిదానికి పసుపు కుంకుమ పెట్టి ఆన్ చేసింది కూడా ఆయనే.

శుక్రవారం పొద్దున పదీ పదికి అక్క ఫోన్ చేసింది. నాలుగోసారి చెరిపి వేసిన ఇన్‌స్టలేషన్ తొంభై శాతం దగ్గరుంది. ఇది అయిపోతే పనైపోయిందనే చెప్పొచ్చనుకుని ఫోన్ కట్ చేశాను. నేనే కట్ చేశాను, నా వేలితో. తొంభై ఆరు దగ్గర మళ్ళీ అదే ఎర్ర గీత వచ్చింది. పది నలభైకి నేను చేస్తే బావ ఎత్తి, "ఇప్పుడే లోపలికి తీస్కపోయిండ్రు. నీ కోసమే సూసింది" అన్నాడు.

ఉన్నపళంగా బయల్దేరాను. బస్సు వనపర్తిలో ఆగి ఉండగా బావ మళ్ళీ ఫోన్ చేశాడు. అక్క పోయిందని ఏడుస్తూనే చెప్పాడు. మత్తులోనే గుండె ఆగిపోయిందట. డాక్టర్లను ఏమీ అనడానికి లేదు. బస్టాండులో దిగి ఎంతసేపు నిలబడ్డానో నాకు గుర్తులేదు.

పదకొండో దినం సోమవారం అయింది. బుధవారం మళ్ళీ గద్వాల వచ్చాను. మొదటి సర్వర్ మీద కుంకుమ ఎండి రాలుతోంది. తప్పు వచ్చిందన్న సందేశం రెండోదాని తెర మీదే పడేది కనక అన్ని రోజులూ దాన్నే పీకాను. మొదటి సర్వర్ తన లోపల ఏం రాసుకుంటోందో ఒక్కసారీ తెరిచి చూడలేదు. ఆ రోజు తెరిచాను. తెర మీద అప్పుడే పడుతున్న వరస పక్కన తేదీ చూశాను. శుక్రవారం. అక్క పోయిన శుక్రవారమే. పొద్దున పదింటికి రెండు నిమిషాలు.

మొదట నా కళ్ళదే తప్పనుకున్నాను. తర్వాత పెద్దాయనను పిలిచి అడిగాను, ఈ మిషన్ తేదీ ఎవరన్నా ముట్టారా అని.

"నేనే సార్," అన్నాడు, దాపరికం లేకుండా. "ముహూర్తం గురువారముండె. లారీ పన్నెండు దినాలు లేటొచ్చె. గీ నడుమ మూఢం పడ్డది, రెండు నెల్లదాంక మంచి దినం లేదు. గందుకే తేదీ ఎనక్కి తిప్పి ఆన్ చేసిన. మిషన్ లెక్కల అది ముహూర్తానికే మొదలైనట్టు గదా."

ఆఫీసులో పాత కంప్యూటర్ ఒకటి ఉండేదట. కరెంటు పోయినప్పుడల్లా దాని తేదీ తప్పేది, ఆయనే దిద్దేవాడు. అలా నేర్చుకున్నాడు. ఆ గదికి బయటి ఇంటర్నెట్ ఇవ్వలేదు కనక, సర్వర్ తన తేదీని తనంతట దిద్దుకునే దారి లేదు. తామెవరో చెప్పుకోవడానికి మిగతా రెండూ తయారుచేసిన డిజిటల్ గుర్తింపు పత్రాలు దాని దృష్టిలో ఇంకా రాని రోజువి, చెల్లవు. ఎన్నిసార్లు చెరిపి వేసినా లోపలి గడియారం చెరగదు. ఆయన చొక్కా పట్టుకుందామన్నంత కోపం వచ్చింది. కానీ ముందు తేదీ చూడమని కొత్తవాళ్ళకు పాఠం చెప్పేది నేనే. టీ తెమ్మని ఆయనను పంపించేశాను.

పదీ ఆరు. ఆ సర్వర్ లెక్కన అక్క ఇంకా లోపలికి వెళ్ళలేదు. ఇంకో నాలుగు నిమిషాల్లో నాకు ఫోన్ చేస్తుంది. ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను. చదువుకున్నవాణ్ణి, మిషన్లతో బతికేవాణ్ణి, అయినా ఎదురుచూశాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గు లేదు. ఈసారి ఎత్తుతాను అక్కా అని పైకే అన్నాను కూడా. పదీ పది అయింది. పదీ పదకొండు అయింది. గదిలో ఫ్యాన్ల హోరు తప్ప ఏమీ లేదు.

సరైన తేదీ కొట్టాను. ఆ పన్నెండు రోజులూ నాకు ఒక్కొక్కటిగా గడిచాయి, దానికి రెప్పపాటులో గడిచాయి. దాని లెక్కలో కూడా అక్క చనిపోయింది. ఇప్పటికీ ఏ ఊళ్ళో కొత్త సర్వర్ ఆన్ చేసినా ముందు తేదీ చూస్తాను. 

పెద్దాయన టీ తెచ్చేసరికి, మళ్ళీ మొదలుపెట్టిన ఇన్‌స్టలేషన్ పూర్తయింది. ఎక్కడా ఎర్ర గీత రాలేదు.

"అయిందా సార్? ఎంతసేపు పట్టింది?"

"ఇరవై నిమిషాలు."

"గంతేనా!" అని సంబరంగా నవ్వి గ్లాసు చేతికిచ్చాడు.

"అంతే," అన్నాను.